పంటిగాటు ప్రమాణం

వేములదిన్నె ఊళ్ళో నీళ్ళ పైపులకి పంటిగాట్లు పడడం కొత్త సంగతేమీ కాదు. పైపు బిగించే రెంచికి పళ్ళుంటాయి. ఆ పళ్ళు గట్టి ఉక్కువి, పైపు మెత్తటి ఉక్కుది. పట్టి తిప్పితే గాటు పడుతుంది. ఫిట్టర్లు పుట్టినప్పటినించీ పడుతూనే ఉంది, ఎవరూ దాన్నొక విశేషంగా చెప్పుకున్నది లేదు. అలాంటి గాటుని చూసి ఊరుకోలేని మహానుభావుడు ఒకాయన ఆ ఊరికి బదిలీ మీద వచ్చాడు. తంటా అంతా అక్కణ్ణించి మొదలైంది.

ఆయన సంగతి కాసేపాగి చెప్పుకుందాం. ముందు కోగంటి శరభయ్య గురించి చెప్పాలి, ఎందుకంటే దెబ్బ తిన్నది ఆయన. శరభయ్య పురపాలక సంఘం నీటి సరఫరా విభాగంలో అసిస్టెంటు ఇంజినీరు. ఆయనకి లెక్కలు బాగా వచ్చు. కాదనడం రాదు. ఈ రెండు గుణాలూ ఒకే మనిషిలో ఉంటే ఆఫీసులో ఆ మనిషికి మహా గిరాకీ. పైవాళ్ళు ఏం చెయ్యాలనుకుంటే దానికి తగిన లెక్క కట్టి, కింద గీత గీసి, సంతకం పెట్టి ఇస్తాడని పేరు తెచ్చుకున్నాడు పాపం.

ఆయన ఇల్లు ఊరి చివర కంకరగుట్ట కాలనీలో. ఊరికి నీళ్ళిచ్చే ఆఫీసులో ఉద్యోగం, ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. ట్యాంకరు హారన్ వినపడితే భార్య త్రిపురాంబ చేతిలో పని చేతిలోనే వదిలి బిందెలతో పరిగెత్తాలి. ఇన్నేళ్ళూ ఆవిడ అలాగే నెట్టుకొచ్చింది. కానీ ఒక్కగానొక్క కూతురు హైమకి నెల తప్పిందన్న కబురు వచ్చాక ఆ ఇంట్లో నీళ్ళ సంగతి మారిపోయింది. మంగళపాడు నించి వియ్యపురాలు ఫోను చేసి, తేనె పూసినట్టు మాట్లాడింది.

"మీ ఇంట్లో నీళ్ళ కటకట గదా వదినగారూ. పసిబిడ్డతో మీరేం అవస్థ పడతారు? పురుడు ఇక్కడే పోసుకుంటాం లెండి. మాకు బోరుంది."

ఆ "మాకు బోరుంది" అన్న మాట త్రిపురాంబకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఫోను పెట్టేసి మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది.

"తొలి పురుడు పుట్టింట్లో జరక్కపోతే నేనెందుకు ఉన్నట్టు? నా మనవణ్ణో మనవరాల్నో నా కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నేను నీళ్ళు పొయ్యాలి. మీ ఆఫీసులో ఏం చేస్తారో నాకు తెలవదు. హైమ వచ్చేసరికి ఈ వాకిట్లో కుళాయి తిరగాలి."

శరభయ్య అలవాటు ప్రకారం సరేనన్నాడు. అదృష్టం బాగుండి ఆ యేడే పెద్ద లైను కంకరగుట్ట దాకా వచ్చింది. కాలనీలో మొట్టమొదటి కనెక్షను ఆయనదే. ఫిట్టరు మస్తాన్ రెంచి తీసుకుని వాకిట్లో కూచోగానే త్రిపురాంబ ఒక గోనెగుడ్డ తెచ్చి అతని ముందు పడేసింది.

"రెంచికి గుడ్డ చుట్టి బిగించు మస్తానూ. కొత్త పైపు. నీ రెంచి కొరికిన చోటల్లా తుప్పు పడుద్ది."

"గుడ్డ చుడితే జారుద్దమ్మా. రెండింతలు కష్టపడాలి."

"పడు. మా అమ్మాయి పురిటికొస్తంది."

మస్తాన్ కష్టపడ్డాడు. ఆవిడ పక్కనే నిలబడి ప్రతి చుట్టూ చూసింది. పని అయ్యాక జాయింటు చుట్టూ వేలు తిప్పితే వేలికి తడి అంటలేదు. కుళాయి తిప్పితే నీళ్ళు వేలి లావున పడ్డాయి. మిగిలిపోయిన పైపు ముక్క ఒకటి, రెండు కొసలా బిగించడానికి మర చుట్లు తీసింది, త్రిపురాంబ వంటింటి కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంది. అంతటితో ఆ ఇంటి కష్టం తీరిపోయి ఉండాలి. మొదట చెప్పిన ఆ మహానుభావుడు, వాచస్పతి గారు, రాకపోయి ఉంటే తీరిపోయేది కూడా.

పర్యవేక్షక ఇంజినీరు దండిభట్ల వాచస్పతి గారు ఏ ఊళ్ళో పనిచేసినా అక్కడొక ఉద్యమం వదిలి వస్తారు. అంతకుముందు ఊళ్ళో మురుక్కాలవల మ్యాన్‌హోలు మూతలన్నిటికీ పుట్టినరోజులు కేటాయించి, ఆ రోజున వాటికి రంగు వేయించేవారు. వేములదిన్నెలో దిగిన వారానికే ఆయన కారు కూరల మార్కెట్టు దగ్గర మడుగులో ఆగిపోయింది. పైపు కారుతోంది. గోతిలో మోకాళ్ళ లోతు నీళ్ళలో మస్తాన్ నిలబడి ఉన్నాడు. గట్టు మీద శరభయ్య గొడుగు పట్టుకుని ఉన్నాడు.

"ఈ జాయింటు బిగించావా?" అని అడిగారు వాచస్పతి గారు కారు అద్దం దించి.

"బిగించా సార్."

"బిగించినట్టు సాక్ష్యం?"

ఇన్నేళ్ళ సర్వీసులో మస్తాన్‌ని ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. కాసేపు తికమకపడి, భుజం మీది తువ్వాలుతో పైపు తుడిచి చూపించాడు. "ఇదిగోండి సార్, రెంచి పళ్ళు ఎట్టా దిగినయ్యో చూడండి."

నిజానికి కారేది ఆ జాయింటు కాదు. దాని పక్కది. మస్తాన్ ఆ పక్కదాని మీదికి రెంచి తీసుకెళ్తుండగానే ఈ ప్రశ్నలు మొదలయ్యాయి. వాచస్పతి గారికి ఆ పక్కదాని మీద ఆసక్తి లేదు. ఆయన కారు దిగి, బూట్లు తడిసినా లెక్క చెయ్యకుండా వంగి, గాటుని చూపుడు వేలితో తడిమారు. కళ్ళు మూసుకుని ఇంకోసారి తడిమారు.

"చూశారా శరభయ్య గారూ. ఉక్కు వాంగ్మూలం ఇస్తోంది. మనిషి బిగించానని అబద్ధం చెప్పవచ్చు, ఉక్కు చెప్పదు. గాటు ఎంత లోతో బిగువు అంత. ఈ శాఖ ఇన్నాళ్ళూ సాక్ష్యాలని భూమిలో పాతిపెట్టి సాక్ష్యం లేదని ఏడుస్తోంది."

నీళ్ళు ఆయన వెనక ధారగా పోతూనే ఉన్నాయి. మర్నాడే శరభయ్యకి పని పడింది. గట్టి పళ్ళు మెత్తటి ఉక్కులో ఫలానా లోతు దిగాలంటే ఎంత బలం కావాలో లెక్క కట్టి సమర్పించాలి.

లెక్క అంటే శరభయ్యకి ప్రాణం లేచొస్తుంది. ఆదివారమంతా భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని కూచున్నాడు. మెత్తటి ఉక్కు గాజులా పగలదు. పన్ను దిగుతుంటే పక్కకి జరిగి చోటిస్తుంది, చోటిచ్చినంత మేరా గాటు చుట్టూ చిన్న కట్టలా లేస్తుంది. గాటు ఎంత వైశాల్యంలో పడిందో చూసి, దాన్ని ఆ ఉక్కు గట్టిదనంతో హెచ్చిస్తే పళ్ళు నొక్కిన బలం వస్తుంది. అందమైన లెక్క. త్రిపురాంబ కాఫీ తెచ్చి ఇచ్చి, కాగితం కేసి చూసి, "దీనివల్ల నీళ్ళొస్తాయా?" అని అడిగింది. ఆ ప్రశ్న శరభయ్య బుర్రలో ఉండిపోయింది. ఉండిపోబట్టే నివేదిక చివర ఒక వాక్యం రాశాడు. "పై లెక్క రెంచి పైపుని ఎంత గట్టిగా నొక్కినదో చెప్పును, జాయింటు మర ఎన్ని చుట్లు తిరిగినదో చెప్పదు" అని.

వాచస్పతి గారు నివేదిక అంతా చదివి తల పంకించి, ఆ వాక్యం దగ్గర ఆగారు.

"ఇది దేనికి?"

"అది... ఊరికే జాగ్రత్త కోసమండి. గాటు వేరు, బిగువు వేరు అని..."

"క్షేత్రస్థాయి సిబ్బందికి సందేహాలు సరఫరా చెయ్యడం మన విధి కాదు. తీసేద్దామా?"

శరభయ్యకి కాదనడం రాదని ముందే చెప్పాను. ఆయన కళ్ళెదుటే ఆ వాక్యం మీద ఎర్ర సిరా గీత పడింది. వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఇకమీదట జాయింటు బిగువు అనగా దాని పంటిగాటు లోతుగా పరిగణించబడును. అర మిల్లీమీటరుకు తక్కువ గాటు గల జాయింటు వదులు జాయింటు. గాటు బొత్తిగా లేని జాయింటు, లేని జాయింటు."

ఆపైన గాటు లోతు కొలిచే పరికరాలు వచ్చాయి. వాటితో కొలవడానికి గాటు ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. కంకరగుట్ట వైపు వేసిన ఇన్‌స్పెక్టరు పేరు బాలకోటి. కుర్రతనం ఇంకా పోలేదు, భయభక్తులు గలవాడు. పరికరాన్ని డాక్టరు గొట్టంలా మెళ్ళో వేసుకుని తిరిగేవాడు. ఫిట్టర్ల బిల్లులు పాసయ్యేది అతను రాసిన లోతుని బట్టే.

ఫిట్టర్లు బుద్ధి తక్కువవాళ్ళేం కాదు. కిటుకు నాలుగు రోజుల్లో పట్టేశారు. జాయింటు తిరుగుతూ ఉంటే రెంచి బలమంతా తిప్పడానికే పోతుంది, గాటు పైపైన పడుతుంది. జాయింటు అసలు తిరక్కుండా అడ్డం పెట్టి రెంచి నొక్కితే గాటు బ్రహ్మాండంగా దిగుతుంది. రెంచి జారితే మరీ లోతు. అంచేత జాయింటు తిప్పడం మానేశారు. రెంచి పిడికి బారెడు గొట్టం తొడిగి ఇద్దరేసి వేలాడేవారు. పైపు నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేది, మర చుట్ల సందులోంచి నీళ్ళు చిమ్మేవి. బాలకోటి ముఖం తుడుచుకుని లోతు కొలిచి "బిగువు సంతృప్తికరం" అని రాసుకునేవాడు.

ఇంకొన్నాళ్ళకి గోతిలో దిగడం కూడా దండగ అనిపించింది. స్టోరు షెడ్డులో నీడ పట్టున కూచుని, టీ తాగుతూ, పైపులు ఒళ్ళో పెట్టుకుని గాట్లు పెట్టేవారు. కాంట్రాక్టరు అది చూసి, ఫ్యాక్టరీలోనే గాట్లు పెట్టించిన పైపులు దింపాడు. అంతకుముందు కొన్న మందపాటి పైపులకి గాటు సరిగా పడడం లేదని కమిటీ వేస్తే, "ఈ ఉక్కులో సహకార ధోరణి లోపించినది" అని నివేదిక ఇచ్చి వాటిని తుక్కు కింద అమ్మించారు. వాటి స్థానంలో వేలితో నొక్కితే లొట్ట పడేంత మెత్తటి పైపులు వచ్చాయి. వాటికి గాటు వెన్నలో దిగినట్టు దిగేది. ఆ నెల ఊరి సగటు బిగువు రెట్టింపైందని ఆఫీసులో మిఠాయిలు పంచారు.

ఊళ్ళో మాత్రం ఎటు చూసినా మడుగులు. జనం అర్జీలు పెడితే జవాబులు వచ్చేవి. "మీ వీధిలోని జాయింట్లన్నియు ప్రమాణము మేరకు బిగువుగా ఉన్నవి. కావున రోడ్డుపై కనబడుచున్న నీరు ఈ శాఖకు చెందినది కాదు." మరి ఎవరికి చెందినదని బస్టాండు దగ్గర కొట్లవాళ్ళు ఆఫీసుకి వచ్చి గొడవ చేస్తే, ఆ నీరు ఏ శాఖదో తేల్చమని సీసాలో పట్టి లాబొరేటరీకి పంపారు. అది తేలేలోగా మడుగులో చేపపిల్లలు కనబడ్డాయని మత్స్యశాఖవారు వచ్చి చూసి వెళ్ళారు.

ఇంత జరుగుతున్నా శరభయ్య ఇంట్లో కుళాయి వేలి లావు ధారతో పోస్తూనే ఉంది. కాలనీలో తరవాత ఇచ్చిన కనెక్షన్లన్నీ గాట్ల కనెక్షన్లే. వాటిల్లోంచి నీళ్ళు కుళాయి దాకా రాకుండా దారిలోనే భూమిలోకి దిగిపోయేవి. అందుకని పొద్దున్నే కాలనీ ఆడవాళ్ళందరూ త్రిపురాంబ వాకిట్లో బిందెలు వరస పెట్టేవారు. ఆవిడ కాదనేది కాదు. హైమ నిండు నెలలతో వచ్చి అరుగు మీద కూచుని, వచ్చినవాళ్ళందరితో కబుర్లు చెప్పేది. పొయ్యి మీద పెట్టడానికి పెద్ద రాగి కాగు తోమి సిద్ధం చేసింది త్రిపురాంబ. పాతచీరలు మెత్తగా ఉతికి మడిచిపెట్టింది. శరభయ్యకి ఆఫీసులో ఎంత దిగులుగా ఉన్నా, ఇంటికొచ్చి ఆ ధార చప్పుడు వింటే ప్రాణం కుదుటపడేది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున బాలకోటి వాకిట్లోకి వచ్చి, జాయింటు దగ్గర గొంతుక్కూచుని, పైకీ కిందకీ చూసి, వణికిపోతూ లేచాడు.

"సార్... తమరింటి జాయింటుకి గాటు లేదు సార్."

"నీళ్ళు వస్తున్నాయిగా బాలకోటీ."

"నీళ్ళ సంగతి నన్ను చూడమన్లేదు సార్. గాటే చూడమన్నారు."

"కారటం లేదు గదయ్యా," అంది త్రిపురాంబ. "వేలు పెట్టి చూడు. ఊళ్ళో కారని జాయింటు ఇదొక్కటే."

బాలకోటి వేలు పెట్టలేదు. అతని వల్ల తేలే వ్యవహారం కాదని పైకి రాశాడు. వాచస్పతి గారే స్వయంగా విచ్చేశారు. బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఆయన పారుతున్న కుళాయి కేసి ఒకసారి, నున్నగా మెరుస్తున్న జాయింటు కేసి ఒకసారి చూసి, నిట్టూర్చారు.

"అయ్యా, చుక్క కారటం లేదు. మీరే చూస్తన్నారు గదా," అంది త్రిపురాంబ.

"అమ్మా, కారకపోవడం మీ వ్యక్తిగత అనుభవం. గాటు ప్రభుత్వ ఆధారం. అనుభవాల మీద శాఖ నడవదు." ఆయన శరభయ్య వైపు తిరిగారు. "సూత్రం కట్టినవారి ఇంట్లోనే సూత్రానికి ధిక్కారం ఉందంటే రాష్ట్రస్థాయిలో మన ముఖం ఏమిటి? నిబంధన ప్రకారం ఇది లేని జాయింటు. లేని జాయింటు ద్వారా నీరు పొందడం నేరం. కనెక్షను కోయించమంటారా, గాటు పెడతారా? పెట్టేట్టయితే మీ స్వహస్తాలతో పెట్టండి. ఫోటో తీయిద్దాం."

శరభయ్య భార్య ముఖం చూశాడు, అరుగు మీద కూతురి ముఖం చూశాడు. ఆ జాయింటు మస్తాన్ పూర్తిగా బిగించినది. ఇక తిరగడానికి అందులో చోటు లేదు. రెంచి పట్టి నొక్కితే బలమంతా పైపుని అణచడానికే పోతుంది. ఎంత నొక్కితే ఎంత దిగుతుందో ఆయన కన్నా బాగా తెలిసినవాళ్ళు జిల్లాలో లేరు. కాదండి అనే మాట గొంతు దాకా వచ్చింది. వచ్చి, అక్కడ చోటు లేక వెనక్కి పోయింది. కోయించడం కన్నా ఇది నయమేమో, సరిగ్గా అర మిల్లీమీటరు దగ్గర ఆపితే పైపు తట్టుకుంటుందేమో అని తనకి తాను నచ్చజెప్పుకుని రెంచి అందుకున్నాడు.

పళ్ళు దిగాయి. ఉక్కు పక్కకి జరిగి చోటిచ్చింది. "ఇంకొంచెం," అన్నారు వాచస్పతి గారు. "ప్రమాణానికి సరిపోతే చాలదు, ఆదర్శంగా ఉండాలి." ఇంకొంచెం దిగాయి. పైపు కొస గుండ్రం పోయి గుడ్డయింది. బాలకోటి లోతు కొలిచి ముప్పాతిక మిల్లీమీటరు అని ప్రకటించాడు. వెంట వచ్చిన సిబ్బంది చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య జాయింటులోంచి మొదటి చుక్క రాలింది, అది చూసింది త్రిపురాంబ ఒక్కతే.

వారం తిరిగేసరికి చుక్క ధారైంది, కుళాయిలో ధార చుక్కైంది. బిందెలతో వచ్చేవాళ్ళు రావడం మానేశారు. ట్యాంకరు ఒకరోజు వచ్చి రెండురోజులు రాలేదు. కబురు ఎలా అందిందో ఏమో, మంగళపాడు నించి కారు వచ్చింది. వియ్యంకుడు చాలా మర్యాదగా, "మా కోడలికి ఇబ్బంది కాకూడదనండి, అంతే," అన్నాడు. హైమ కారెక్కుతూ తండ్రి చెయ్యి పట్టుకుని, "నీ తప్పేముంది నాన్నా, నువ్వేం చేస్తావు," అంది. ఆ మాట అనకుండా వెళ్ళినా బాగుండేదని శరభయ్య అనుకున్నాడు. రాగి కాగు పొయ్యి మీదికి ఎక్కకుండానే మళ్ళీ అటక మీదికి ఎక్కింది.

మగపిల్లాడు పుట్టాడు. త్రిపురాంబ మంగళపాడు వెళ్ళి చూసింది. అక్కడ పిల్లాడికి నీళ్ళు పొయ్యడానికి వాళ్ళ మనిషి ఉంది. త్రిపురాంబ చుట్టంలాగా పీట మీద కూచుని చూసి వచ్చింది. వచ్చాక మొగుడితో మాట్లాడ్డం మానేసింది. ఏదన్నా చెప్పవలసి వస్తే గోడకి చెప్పేది. "అన్నం వడ్డించి ఉంది, తినేవాళ్ళు తినొచ్చు," అని గోడ వైపు తిరిగి అనేది. శరభయ్య గోడకే సరేనని చెప్పి తినేవాడు.

ఆ మధ్యలోనే శరభయ్యకి సన్మానం జరిగింది. సొంత ఇంటి జాయింటుకి స్వహస్తాలతో గాటు పెట్టిన ఫోటోని పెద్దది చేయించి వేదిక మీద కట్టారు. వాచస్పతి గారు ప్రసంగిస్తూ, "ఈ శాఖలో ఇప్పుడు లీకేజీ అన్న మాట వినబడడం లేదు," అన్నారు. అది నిజమే, సర్క్యులరులో ఆ మాట వాడకూడదని పెట్టారు. శరభయ్యకి జరీ అంచు శాలువా కప్పారు. ఇంటికి తెచ్చి మంచం మీద పెడితే త్రిపురాంబ దాన్ని తాకను కూడా తాకలేదు.

మనవడు తాతగారింటికి మొదటిసారి వచ్చేసరికి వాడికి ఎనిమిదో నెల, కింది చిగురుకి రెండు పళ్ళు. మళ్ళీ వేసవి. ఆ రోజు ట్యాంకరు రాలేదు. హైమ ఎండన పడి వచ్చి పక్కగదిలో పడుకుంది. శరభయ్య పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఆడిస్తుంటే, వాడు బల్ల మీది స్టీలు గ్లాసు లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు. గ్లాసులో నీళ్ళు లేవు. వాడు అంచుని ఆ రెండు పళ్ళతో పట్టి, ముఖం ఎర్రగా చేసుకుని కొరికాడు. నీళ్ళు రాకపోయేసరికి గ్లాసు పడేసి ఏడుపు లంకించుకున్నాడు.

శరభయ్య గ్లాసు తీశాడు. తీసి, ఏం చేస్తున్నాడో తెలియకుండానే, అంచు మీద బొటనవేలు పెట్టి తడిమి చూశాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న త్రిపురాంబ ఇన్ని నెలల తరవాత మొదటిసారి నేరుగా ఆయనతో మాట్లాడింది.

"పడిందా గాటు?"

"లేదు."

"అయితే వాడికి దాహం లేనట్టే."

ఆవిడ వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. శరభయ్య ఆ గ్లాసు పట్టుకుని అలాగే కూచున్నాడు. ముఖం చెల్లలేదు, కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఆ ఇంట్లో ఆ రోజుకి కారిన నీళ్ళు అవే. తరవాత లేచాడు. మంచం కిందినించి రెంచి తీశాడు. గోనెగుడ్డ కోసం వెతికితే కనబడలేదు. బీరువాలోంచి జరీ అంచు శాలువా తీసి, పరా పరా చించి, రెంచి పళ్ళకి చుట్టాడు. మంచి గట్టి నేత, బాగా పట్టింది. పెద్ద లైను వాల్వు కట్టేసి, తను కొరికిన ముక్కని విప్పి పక్కన పడేశాడు. వంటింటి కిటికీకి అడ్డం పెట్టిన ముక్క తెచ్చి అక్కడ బిగించాడు. జారుతుంటే తిట్టుకుంటూ, చెమట కార్చుకుంటూ, ఇక తిరగనన్నదాకా తిప్పాడు. కిటికీ రెక్క గాలికి దబదబా కొట్టుకుంటుంటే త్రిపురాంబ బయటికి వచ్చి చూసింది. ఆ కొరికిన ముక్కని వంగి తీసి, కుళాయి పైన గోడకి మేకు కొట్టి వేలాడదీసింది.

మర్నాడు నీళ్ళు వదిలే వేళకి కుళాయిలో ధార వేలి లావున పడింది. అటక మీది రాగి కాగు కిందికి దిగింది. త్రిపురాంబ వాకిట్లో పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని, మనవణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుంది. ఎనిమిది నెలల పిల్లాడు కాళ్ళ మీద ఎక్కడ ఆగుతాడు? పాదాల అవతలకి వాడి కాళ్ళు వేలాడుతున్నాయి. బోర్లా తిరుగుతున్నాడు, జారిపోతున్నాడు. ఆవిడ లాక్కొచ్చి మళ్ళీ పడుకోబెడుతోంది.

"అంత పెద్దాడికి అట్టా ఎందుకమ్మా, కూచోబెట్టి పొయ్యరాదూ?" అంది హైమ.

"నువ్వు ఊరుకో. వీడికి నా చేతి పురుటిస్నానం ఇవాళే," అంది త్రిపురాంబ.

అదే సమయానికి బాలకోటి మెళ్ళో పరికరంతో వచ్చాడు. బాలకోటి కొత్త ముక్క కేసి వంగి, గాటు లేకపోవడం చూసి, బిక్కచచ్చి, తలెత్తి మేకుకి వేలాడే ముక్కని చూశాడు. దాన్ని చూడగానే పోయిన ప్రాణం లేచొచ్చినట్టు దాని దగ్గరికి వెళ్ళి కొలిచాడు.

"ముప్పాతిక మిల్లీమీటరు. బిగువు సంతృప్తికరం." రాసుకుని, ఒక్క క్షణం తటపటాయించాడు. "ఇది ఇట్టా మేకుకి ఉండడం... పద్ధతేనా సార్?"

"కాదు," అన్నాడు శరభయ్య. ఆ మాట తన నోట రావడం ఆయనకే వింతగా ఉంది. "పద్ధతి కాదు. ఉంటుంది."

బాలకోటి ఆ కుళాయి కేసీ, తడిసి కేరింతలు కొడుతున్న పిల్లాడి కేసీ చూశాడు. దోసిలి పట్టి కడుపునిండా నీళ్ళు తాగాడు. "ఊరంతట్లో ఇక్కడే ఇంత బాగా వస్తన్నాయి. అంతా గాటు చలవ సార్," అని వెళ్ళిపోయాడు.

అతను సందు మలుపు తిరిగాడో లేదో పక్కింటి నాంచారమ్మ గోడ మీదినించి తొంగిచూసింది. చేతిలో చిరిగిన దుప్పటి ముక్కలున్నాయి.

"అక్కా, మా జాయింటు కూడా మస్తాను గుడ్డ చుట్టి బిగిస్తానన్నాడు. రేపు మా వరసకొస్తాడంట ఈ గాట్లు కొలిచే పిల్లోడు. ఆ ముక్క ఒక్క పూట ఇస్తావా? కొలవగానే తెచ్చిచ్చేస్తా."

త్రిపురాంబ పిల్లాడి తల మీద ఇంకో చెంబు పోసి, ముఖం మీది నీళ్ళు అరచేత్తో తుడిచి, మేకు వైపు చూపించింది.

"తీసుకుపో. మళ్ళీ జాగర్తగా తెచ్చియ్యి నాంచారూ. అది మావారు కొరికింది."